చావుకు కారణం చెప్పే పూచీ ఎవరిది? కరోనర్ లేని చోట శవపంచనామా

విజయవాడలోగానీ గుంటూరులోగానీ ప్రభుత్వాసుపత్రి మార్చురీ దగ్గర ఒక ఉదయం గడిపినవారికి ఒక దృశ్యం తప్పక కనబడుతుంది. గోడ వారన, చెట్టు నీడన, రాత్రికి రాత్రి ఊరి నుంచి వచ్చిన పదిమంది బంధువులు కూర్చుని ఉంటారు. స్టేషన్ నుంచి ఫైలు రావాలి. చనిపోయింది పెళ్ళయి ఏడేళ్ళు నిండని ఆడపిల్ల అయితే తహసీల్దారు రావాలి. శవం ఉన్న స్థితిని చూసి రాసే శవపంచనామా పూర్తయి, దానికి సాక్షులుగా నిలిచే పంచాయతీదారులు సంతకాలు పెడితే తప్ప డాక్టరు పోస్టుమార్టం మొదలుపెట్టరు. ఈలోగా బంధువుల్లో పెద్దమనిషి ఒకరు వచ్చిన ప్రతి ఉద్యోగి దగ్గరకూ వెళ్ళి అడిగే ప్రశ్న ఒక్కటే: "అసలు ఎట్టా పోయాడండీ?" ఎస్సైని అడిగితే డాక్టరు చెప్పాలంటారు. డాక్టరును అడిగితే ల్యాబ్ రిపోర్టు రావాలంటారు. తహసీల్దారు తన నివేదిక పైకి పంపుతామంటారు. వీరిలో ఎవరి మాటా అబద్ధం కాదు. కానీ ఆ ఒక్క ప్రశ్నను మొదటి నుంచి చివరిదాకా పట్టుకుని జవాబు తేల్చవలసిన ఉద్యోగి మన చట్టంలో లేడు.

అలాంటి పూచీ ఉన్న పదవి ఇంగ్లండులో ఉంది. దాని పేరు కరోనర్. మొదటి రిచర్డు ఏలుబడిలో 1194లో ఆ పదవి ఏర్పడింది. రాజకిరీటాన్ని సూచించే 'క్రౌన్' అన్న మాట నుంచి ఆ పేరు వచ్చింది. తొలినాళ్ళలో ఆ అధికారి చూసింది చనిపోయినవాడి పక్షం కాదు, రాజుగారి ఖజానా పక్షం. ఎవరైనా హఠాత్తుగా చనిపోతే ఆ చావు మీద రాజుకు రావలసిన జరిమానాలు, జప్తులు ఏమున్నాయో లెక్క కట్టడం ఆయన పని. శతాబ్దాల మీద ఆ లెక్క పోయింది, శవాన్ని చూసి కారణం అడిగే పద్ధతి మాత్రం నిలిచింది. 2009లో వచ్చిన చట్టం ప్రకారం నేటి కరోనర్ న్యాయశాస్త్ర అర్హత ఉన్న స్వతంత్ర అధికారి. హింసతోనో అసహజంగానో జరిగిన మరణం, కారణం తెలియని మరణం, నిర్బంధంలో జరిగిన మరణం ఏదైనా ఆయన దగ్గరకు రావాలి. చనిపోయింది ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఎలా అన్న నాలుగు ప్రశ్నలకు బహిరంగ విచారణలో ఆయన జవాబు తేలుస్తారు. నేరం ఫలానావారిదని గానీ, నష్టపరిహారం ఫలానావారు ఇవ్వాలని గానీ ఆయన తీర్పు చెప్పకూడదని అదే చట్టం అడ్డుకట్ట వేసింది. ఆ దేశంలో ఏటా నమోదయ్యే మరణాల్లో దాదాపు మూడోవంతు కరోనర్ దృష్టికి వెళతాయి.

ఆ పదవికి మరో అధికారం ఉంది, ఈ వ్యాసానికి అదే ముఖ్యం. విచారణలో ఒక ప్రమాదకర పరిస్థితి బయటపడి, దాన్ని అలాగే వదిలేస్తే ఇంకొకరు చనిపోవచ్చు అనిపిస్తే, సరిదిద్దగలిగిన సంస్థకు కరోనర్ లిఖితపూర్వకంగా నివేదిక పంపాలి. ఆ సంస్థ 56 రోజుల్లోగా జవాబివ్వాలి. ఏం చేశారో, చేయకపోతే ఎందుకు చేయలేదో అందులో చెప్పాలి. అంటే అక్కడ విచారణ రెండు దిక్కులకు చూస్తుంది. ఒకటి జరిగిపోయిన మరణం, రెండోది జరగకుండా ఆపదగిన మరణం.

ఆ ఏర్పాటు లోపం లేనిదని ఎవరూ అనరు. కరోనర్ దగ్గరకు రాని మరణాన్ని కరోనర్ చూడలేరు. హెరాల్డ్ షిప్‌మన్ అనే డాక్టరు తన పేషెంట్లను తానే చంపి, మరణ ధ్రువపత్రాల మీద తానే సంతకాలు చేస్తూ ఏళ్ళ తరబడి దొరకలేదు. 2000లో 15 హత్యలకు ఆయనకు శిక్ష పడింది. ఆ తర్వాత జరిగిన విచారణలో మృతుల సంఖ్య 200 దాటిందని తేలింది. ఒక డాక్టరు రాసిన కారణాన్ని ఆ మరణంతో సంబంధం లేని మరో డాక్టరు సరిచూడాలన్న నియమం అక్కడ 2024 సెప్టెంబరు 9 నుంచి మాత్రమే పూర్తిగా చట్టబద్ధమైంది. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం 1877లోనే కరోనర్లను తీసేసి వైద్యులను ఆ స్థానంలో పెట్టింది. ఎవరి పేరు ఏదైనా, ఈ మార్పులన్నింటి వెనక ఉన్న చింత ఒకటే. చావుకు కారణం రాసే చెయ్యికి ఆ చావుతో స్వార్థం ఉండకూడదు, విద్య లోపించకూడదు.

మన దేశానికి కరోనర్ రాలేదని కాదు, వచ్చి వెళ్ళిపోయాడు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం చేసిన కరోనర్ల చట్టం ప్రెసిడెన్సీ నగరాలకే పరిమితమైంది. మద్రాసులో ఆ పదవి 19వ శతాబ్దం ముగిసేలోపే రద్దయింది. బొంబాయిలో మాత్రం 1999 దాకా కొనసాగింది. కృష్ణా, గుంటూరు ప్రాంతాలు మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉన్నా, కరోనర్ నీడ ఈ జిల్లాల మీద ఎన్నడూ పడలేదు. ఇక్కడ ఆ పని ఇంకొకరికి అప్పగించారు. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో మద్రాసు, బొంబాయి ప్రెసిడెన్సీలకు ప్రత్యేకంగా ఒక వీలు ఉండేది. అనుమానాస్పద మరణం మీద గ్రామాధికారే విచారణ చేసి, ఫలితాన్ని మేజిస్ట్రేటుకు నివేదించవచ్చు. అంటే మన పాత మునసబు ఒకరకంగా ఊరి కరోనర్. చనిపోయినవాడి పొలం గట్టు తగాదా, ఇంట్లో కలతలు, అప్పులు ఆయనకు తెలుసు. ఆ తెలియడమే బలం, అదే బలహీనత కూడా, ఎందుకంటే ఆ తగాదాల్లో ఆయనా ఒక పక్షం కావచ్చు. 1973 నాటి కోడ్‌లో ఆ వీలు లేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులనే ఎత్తివేసింది. ఊళ్ళో హఠాత్తుగా, అసహజంగా మరణం సంభవిస్తే గ్రామ వ్యవహారాలు చూసే ఉద్యోగి వెంటనే తెలియజేయాలన్న బాధ్యత మాత్రం ఇప్పటి చట్టంలోనూ ఉంది. విచారణ చేయడం పోయింది, కబురు చెప్పడం మిగిలింది.

ఆ క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో ఇప్పుడు పాటించవలసింది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. 2024 జూలై 1న అది అమల్లోకి వచ్చేదాకా '174 సీఆర్‌పీసీ' అని స్టేషన్లలో అందరి నోటా నానిన సెక్షను ఇప్పుడు 194 అయింది. ఎవరైనా ఆత్మహత్య చేసుకున్నా, మరొకరి చేతిలోనో జంతువు వల్లో యంత్రం వల్లో ప్రమాదంలోనో చనిపోయినా, మరొకరు నేరం చేసి ఉంటారని అనుమానించదగ్గ పరిస్థితుల్లో చనిపోయినా, కబురు అందిన వెంటనే స్టేషన్ అధికారి దగ్గరలోని ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు తెలియజేసి, శవం ఉన్న చోటికి వెళ్ళాలి. చుట్టుపక్కల నివసించే ఇద్దరు లేక అంతకు మించి గౌరవనీయుల సమక్షంలో శవాన్ని పరిశీలించాలి. గాయాలు, విరిగిన ఎముకలు, కమిలిన చోట్లు, అవి ఏ ఆయుధంతో ఎలా అయినట్టు కనబడుతున్నాయో రాయాలి. పైకి తోచిన కారణాన్ని నమోదు చేయాలి. ఆ నివేదిక 24 గంటల్లోగా జిల్లా మేజిస్ట్రేటుకు లేదా సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన దగ్గర కలెక్టరుకు లేదా ఆర్డీవోకు చేరాలి. ఈ 24 గంటల గడువు కొత్త చట్టం తెచ్చిన మంచి మార్పు. పాత చట్టంలో 'వెంటనే' అని ఉండేది, దానికి గడియారం లేదు.

ఈ తతంగమంతటిలో బరువైన మాట 'పైకి తోచిన కారణం'. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన పొద్దా నారాయణ కేసులో 1975లో సుప్రీంకోర్టు ఆ మాటకు హద్దులు గీసింది. శవపంచనామా ఉద్దేశం చాలా పరిమితమని, మరణం అనుమానాస్పదమా, అసహజమా, అయితే పైకి కనబడే కారణం ఏమిటి అన్నంతవరకే దాని పరిధి అని, ఎవరు కొట్టారు, ఎలా కొట్టారు, ఎవరు చూశారు అన్న వివరాలు దాని పరిధిలోకి రావని చెప్పింది. క్రిమినల్ కోర్టు దృష్టిలో ఇది సబబైన హద్దు. పంచనామాలో ఒక నిందితుడి పేరు లేదన్న సాకుతో కేసు మొత్తాన్ని కొట్టేయమని అడిగే వాదనకు అది అడ్డుపడింది. అయితే దాని రెండో పార్శ్వాన్ని కూడా చూడాలి. పంచనామా చిన్నదని కోర్టు చెప్పింది. నేరం ఉన్నప్పుడు దాని వెనక పెద్ద దర్యాప్తు వస్తుంది. నేరం లేదని తోచినప్పుడు ఆ చిన్న పంచనామాయే ఆ మరణానికి మిగిలే విచారణ అంతా. 'ఇతరుల మీద అనుమానం లేదు' అన్న వాక్యంతో ఫైలు మూతపడుతుంది. నేరం లేని చావులో నేర్చుకోవలసింది కూడా ఉండదన్నట్టుగా ఆ వాక్యం పనిచేస్తుంది. ఈ వ్యవస్థ మీద ఉన్న ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

లోపం మొదలయ్యే చోటు ఇంకొకటుంది. చావు జరిగిన స్థలం, చనిపోయిన శరీరం రెండూ కలిపి చదివితేనే కారణం తెలుస్తుంది. మన పద్ధతిలో స్థలాన్ని చూసేవారు వేరు, శరీరాన్ని చూసేవారు వేరు. వరి మడిలో మోటారు దగ్గర ఒక రైతు పడిపోయి ఉన్నాడనుకుందాం. పొడి చర్మానికి కరెంటు తగిలితే చిన్న కాలిన మచ్చ మిగులుతుంది. తడిసిన కాళ్ళతో, తడి చేతులతో ఉన్నవాడికి తగిలితే ఏ గుర్తూ మిగలకపోవచ్చు. టేబులు మీదికి వచ్చిన ఆ శరీరంలో డాక్టరుకు కనబడేది ఏమీ ఉండదు. సాక్ష్యమంతా పొలంలోనే ఉంటుంది. ఊడిన స్టార్టర్ డబ్బా మూతలో ఉంటుంది, ఎర్తింగ్ లేని తీగలో ఉంటుంది, అతని చెప్పులు ఎక్కడ విడిచాడన్న దానిలో ఉంటుంది. ఎస్సై ఇవన్నీ చూసి, రాసి, ఫొటో తీసి డాక్టరుకు పంపితే కారణం నిలబడుతుంది. రిక్విజిషన్ లెటరులో 'అకస్మాత్తుగా పడి చనిపోయాడు' అని ఒక్క ముక్క రాసి పంపితే, గుండె ఆగి పోయాడన్న చోటికి వ్యవహారం చేరుకుంటుంది. భార్యకు రావలసిన పరిహారం ఆ ఒక్క ముక్కతోనే పోతుంది.

కట్లపాము కాటు ఇంతకంటే సూక్ష్మమైనది. రాత్రిపూట నేల మీద పడుకున్నవారిని కరిచే ఆ పాము పెద్దగా నొప్పి పెట్టదు, వాపు ఉండదు, కోరల గుర్తు దోమకాటులా ఉంటుంది. తెల్లవారుజామున కడుపునొప్పి అంటూ లేచిన మనిషికి కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దగా వస్తుంది, ఊపిరి ఆడదు. దివిసీమ నుంచి పల్నాడు దాకా ఈ వర్ణన తెలియని పల్లె ఉండదు. కానీ ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోతే, పోస్టుమార్టంలో ఆ విషాన్ని కచ్చితంగా పట్టించే మార్పులు శరీరంలో కనబడవు. 'రాత్రి ఎక్కడ పడుకున్నాడు, ఏ గంటకు లేచాడు, మొదట ఏం బాధ చెప్పాడు, రెప్పలు వాలాయా' అన్న నాలుగు ప్రశ్నలు పంచనామా సమయంలో ఇంటివాళ్ళను అడిగి రాసుకుంటే డాక్టరుకు దారి దొరుకుతుంది. ఈ ప్రశ్నలు అడగడానికి చట్టం మార్చనక్కరలేదు, యంత్రాలు అక్కరలేదు.

కొత్త సంహిత ఏడేళ్ళు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వచ్చి ఆధారాలు సేకరించాలని, దాన్ని వీడియో తీయాలని చెప్పింది. దాన్ని అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్ళ వ్యవధి ఇచ్చింది. ఇది పెద్ద అడుగే. అయినా చిక్కు అక్కడే ఉంది. అది నేరమని తేలిన తర్వాత వచ్చే సౌకర్యం. నేరమా కాదా అని తేల్చవలసిన తొలి గంటల్లో, అంటే నిపుణుడి కన్ను అందరికంటే అవసరమైన సమయంలో, శవం దగ్గర ఉండేది ఎస్సై, పంచాయతీదారులు మాత్రమే.

విజయవాడను కాలువల ఊరు అంటారు. ప్రకాశం బ్యారేజి ఎగువన నిలిచిన కృష్ణ నీరు ఏలూరు కాలువగా, రైవస్ కాలువగా, బందరు కాలువగా ఊరి మధ్య నుంచి పారుతుంది. అవతలి ఒడ్డున సీతానగరం వైపు నుంచి పశ్చిమ ప్రధాన కాలువ దుగ్గిరాల మీదుగా తెనాలి డెల్టాకు సాగుతుంది. ఈ కాలువల్లో తేలే ప్రతి శవం ఒక ప్రశ్నపత్రం. నీట మునిగిన శరీరం మొదట అడుక్కు చేరుతుంది. లోపల వాయువులు పుట్టాక పైకి తేలుతుంది. ఎండాకాలంలో దీనికి ఒకటి రెండు రోజులు చాలు, చలికాలంలో ఇంకా ఆలస్యమవుతుంది. ఆ లోగా ప్రవాహం దాన్ని రెండు మూడు స్టేషన్ల పరిధులు దాటించవచ్చు. పడిన చోటు ఒకరిది, తేలిన చోటు మరొకరిది. మనిషి కనబడటం లేదన్న ఫిర్యాదు ఒక స్టేషన్లో ఉంటుంది, 'గుర్తుతెలియని మృతదేహం' మరో స్టేషన్లో ఉంటుంది. ఈ రెండు కాగితాలను ఒకచోట చేర్చే పని చాలాసార్లు చేసేది వ్యవస్థ కాదు, చేతిలో ఫొటో పట్టుకుని మార్చురీలన్నీ తిరిగే తండ్రో అన్నో చేస్తారు.

నీళ్ళలో దొరికినంత మాత్రాన మునిగి చనిపోయినట్టు కాదని ఫోరెన్సిక్ వైద్యం నేర్పే తొలి పాఠం. బతికుండగా మునిగినవాడి ముక్కు, నోటి దగ్గర సన్నని తెల్లని నురగ పేరుకుంటుంది, తుడిస్తే మళ్ళీ వస్తుంది. ఊపిరితిత్తులు ఉబ్బి ఉంటాయి. పొట్టలో నీరు ఉంటుంది. ప్రాణం పోతున్న క్షణంలో పట్టుకున్న గడ్డిపరకో నాచో ఒక్కోసారి పిడికిట్లో బిగుసుకుని ఉంటుంది, అది కనబడితే ఇక సందేహం అక్కరలేదు. కానీ శరీరం కుళ్ళిన తర్వాత ఈ గుర్తుల్లో చాలావరకు చెరిగిపోతాయి. అప్పుడు ఎముక మూలుగలో డయాటమ్‌లనే కంటికి కనబడని నాచు జాతులు ఉన్నాయేమో చూస్తారు. వాటిని పోల్చడానికి మునిగిన చోటి నీరు కూడా సీసాలో పట్టి పంపాలి. ఆ సీసా నింపవలసింది పోలీసు. అది మరిచిపోతే డాక్టరు ఎంత శ్రద్ధగా కోసి చూసినా పరీక్ష సగంలో ఆగుతుంది. తోసేశారా, జారిపడ్డాడా, తానే దూకాడా అన్నది శరీరం ఎప్పటికీ చెప్పదు. దాన్ని గట్టు చెప్పాలి, సెల్‌ఫోన్ చెప్పాలి, చివరిసారి చూసినవారు చెప్పాలి.

గుంటూరు వైపు వస్తే మరణం రంగు మారుతుంది. పత్తి, మిరప పండించే నేలలో పురుగుమందు డబ్బా లేని ఇల్లు అరుదు. ఆ మందు తాగి చనిపోయినవారి విషయంలో కారణం తేలికగా తెలిసినట్టే ఉంటుంది, అందుకే అక్కడ శ్రద్ధ తగ్గుతుంది. పోస్టుమార్టంలో జీర్ణాశయం, అందులోని పదార్థం, చిన్నపేగు ముక్క, కాలేయం, మూత్రపిండాల భాగాలు, రక్తం తీసి వెడల్పు మూతి సీసాల్లో పెడతారు. దీన్నే విసెరా అంటారు. ఆ భాగాలు చెడకుండా ఉండటానికి సాధారణంగా వాడేది గట్టి ఉప్పునీరు. రక్తానికి మాత్రం సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు. సీలు వేసి, ఆ సీలు నమూనాతో పాటు కానిస్టేబుల్ చేత ఫోరెన్సిక్ ల్యాబొరేటరీకి పంపుతారు. డాక్టరు తన నివేదికలో 'తుది అభిప్రాయం రిజర్వు చేయడమైనది' అని రాస్తారు. ల్యాబ్ రిపోర్టు తిరిగి స్టేషన్‌కు వస్తుంది. దాన్ని మళ్ళీ డాక్టరు ముందు పెట్టి తుది అభిప్రాయం అడగాలి. ఈ చివరి మెట్టు దగ్గరే గొలుసు ఎక్కువగా తెగుతుంది. ఎస్సై బదిలీ అయి ఉంటారు, డాక్టరు వేరే ఊరికి వెళ్ళి ఉంటారు, బీమా కంపెనీ మాత్రం తుది అభిప్రాయం లేనిదే ఫైలు కదపదు. ఇంటివాళ్ళు స్టేషన్‌కు, ఆసుపత్రికి మధ్య తిరుగుతూ ఉంటారు.

పారాక్వాట్ అనే కలుపుమందు తాగినవారి సంగతి మరీ కష్టం. మొదటి రోజు బాగానే మాట్లాడతారు. నోరు పుండ్లు పడుతుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి, తర్వాత ఊపిరితిత్తులు గట్టిపడి, వారం పది రోజులకో ఇంకా తర్వాతో ఊపిరాడక చనిపోతారు. అప్పటికి శరీరంలో మందు జాడ మిగలకపోవచ్చు, విసెరా రిపోర్టు 'విషం లేదు' అని రావచ్చు. ఆసుపత్రిలో చేరిన రోజున తీసిన మూత్రాన్నీ, కడుపు కడిగిన నీళ్ళనూ భద్రపరిచి ఉంటే ఆ మరణం నిజం చెబుతుంది. ఖాళీ డబ్బా మీది పేరును పంచనామాలో రాసి ఉంటే ఇంకా స్పష్టంగా చెబుతుంది.

ఆ పేరు రాయడం చిన్న విషయం కాదనడానికి మన పొరుగు దేశమే సాక్ష్యం. శ్రీలంకలో ఏ మందు తాగినవారు ఎక్కువగా చనిపోతున్నారో పేరుపేరునా లెక్క తీశారు. ఆ లెక్క ఆధారంగా 1995లో మోనోక్రోటోఫాస్, మెథమిడోఫాస్ మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను, ఆ తర్వాత దశలవారీగా పారాక్వాట్ సహా మరికొన్నింటిని నిషేధించారు. రెండు దశాబ్దాల్లో ఆ దేశపు ఆత్మహత్యల రేటు దాదాపు 70 శాతం తగ్గింది. పంట దిగుబడి పడిపోలేదు. మన దగ్గర జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా వేసే నివేదికలో ఈ మరణాలన్నీ 'పురుగుమందు సేవించి' అన్న ఒకే గడిలో పడతాయి. ఏ మందు అన్న గడి లేదు. తెనాలిలోనో నరసరావుపేటలోనో ఎస్సై డబ్బా చూసి పేరు రాసినా, ఆ పేరు పై లెక్కలోకి ఎక్కదు.

పెళ్ళయిన ఏడేళ్ళలోపు స్త్రీ ఆత్మహత్య చేసుకున్నా, అనుమానాస్పదంగా చనిపోయినా, పోలీసుతో పాటు మేజిస్ట్రేటు కూడా విచారించాలన్నది మన చట్టంలో కరోనర్ పద్ధతికి దగ్గరగా వచ్చే నియమం. తహసీల్దారు వచ్చి తల్లిదండ్రుల వాంగ్మూలాలు నమోదు చేస్తారు. పోలీసుకు ఎవరి ఒత్తిడి ఉన్నా, పక్కన మరో శాఖవారి కలం ఉంటుందన్నది ఉద్దేశం. భారతీయ న్యాయ సంహితలోని వరకట్న మరణం సెక్షను ఈ ఏడేళ్ళ లెక్కమీదే నిలుస్తుంది. అయితే రెవెన్యూ పనులు, ఎన్నికల పనులు, రేషను, సర్వేల మధ్య నుంచి వచ్చిన తహసీల్దారుకు గొంతు చుట్టూ ఉన్న గాటు ఉరి వల్ల పడిందా, ముందే నులిమిన తర్వాత వేలాడదీసినందువల్ల పడిందా అని చూడటం ఎవరు నేర్పారు? ఉరి గాటు సాధారణంగా ఏటవాలుగా, మెడ పైభాగాన, ముడి దగ్గర ఎడం వదిలి ఉంటుంది. నులిమిన గాటు అడ్డంగా, మెడ చుట్టూ పూర్తిగా, కిందికి ఉంటుంది. అరగంట శిక్షణలో ఈ తేడా చూపించవచ్చు. దాన్ని చూపకుండా బాధ్యత మాత్రం అప్పగించడం ఆ అధికారికీ న్యాయం కాదు, ఆ పిల్ల తల్లికీ కాదు.

పోలీసు కస్టడీలో మరణం సంభవిస్తే పోలీసే విచారించకూడదన్నది ఎవరికైనా తోచే న్యాయం. 2006 జూన్ నుంచి అలాంటి మరణాల మీద న్యాయ మేజిస్ట్రేటు విచారణ తప్పనిసరి అయింది, నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షనులో ఆ నియమం కొనసాగుతోంది. విచారణ జరిపే మేజిస్ట్రేటు మృతుడి తల్లిదండ్రులకు, పిల్లలకు, అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్ళకు, భార్యకు లేక భర్తకు వీలైనంతవరకు కబురు చేసి, విచారణలో హాజరుగా ఉండనివ్వాలి. ఈ హక్కు చట్టంలో ఉందని మార్చురీ దగ్గర కూర్చున్నవారికి చెప్పే మనిషి దొరకడమే కష్టం.

బంధువుల వైపు నుంచి వచ్చే అభ్యంతరాన్నీ గౌరవంగా చూడాలి. 'కోయొద్దు, ఎట్టా పోయినవాడు అట్టానే పోనివ్వండి' అన్న మాట అజ్ఞానం కాదు, అది ప్రేమ. పొద్దుగూకితే పోస్టుమార్టం చేయరు గనుక శవం రాత్రంతా అక్కడే ఉండిపోతుందన్న భయం ఆ మాటకు తోడవుతుంది. 2021 నవంబరు 15న కేంద్ర ఆరోగ్య శాఖ సరైన వెలుతురు, సదుపాయాలు ఉన్న ఆసుపత్రుల్లో సూర్యాస్తమయం తర్వాత కూడా పోస్టుమార్టం చేయవచ్చని ప్రకటించింది. హత్య, ఆత్మహత్య, అత్యాచారం, కుళ్ళిన శవం, కుట్ర అనుమానం ఉన్న కేసులను మాత్రం, శాంతిభద్రతల సమస్య ఉంటే తప్ప, అందులోంచి మినహాయించింది. రోడ్డు ప్రమాదంలో పోయినవాడి శవం కోసం తెల్లవారేదాకా కాచుకోవడం ఇకపై అనివార్యం కాదు. ఈ సంగతి ఇంటివాళ్ళకు తెలియాలి. కోత వల్ల ఏం తెలుస్తుందో, ఏ హక్కు నిలుస్తుందో ఎవరైనా పది నిమిషాలు కూర్చుని చెబితే 'వద్దు' అన్నవారే ఒప్పుకుంటారు. ఇంగ్లండులో కరోనర్ కార్యాలయంలో అలా కుటుంబంతో మాట్లాడే ఉద్యోగులు ఉంటారు. ఇక్కడ ఆ పది నిమిషాలు ఎవరి డ్యూటీలోనూ లేవు.

పోలీసుదాకా రాని మరణాల మాటేమిటి? దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు ధ్రువీకరించిన కారణం ఉన్నవి దాదాపు 22 శాతమే. ఆ ధ్రువీకరించిన వాటిలోనూ 'గుండె, ఊపిరి ఆగిపోవడం' అని రాసే అలవాటు ఉంది. గుండె, ఊపిరి ఆగడం చావు లక్షణం, కారణం కాదు. ఎందుకు ఆగాయన్నదే కారణం.

పెద్ద ప్రమాదం జరిగినప్పుడు మాత్రం ప్రభుత్వం కదులుతుంది. 2017 నవంబరు 12న ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తాపడి 20 మందికి పైగా చనిపోయినప్పుడు, 2020 ఆగస్టు 9న విజయవాడలో కొవిడ్ కేంద్రంగా వాడుతున్న హోటల్లో మంటలు రేగి 10 మంది చనిపోయినప్పుడు విచారణలు జరిగాయి, లోపాలు వార్తలకెక్కాయి. ఒక్కొక్కరుగా చనిపోయేవారికి ఆ భాగ్యం లేదు. ఒకే రేవులో మూడేళ్ళలో ఆరుగురు మునిగిపోతే ఆరు పంచనామాలు ఉంటాయి, ఆరు ఫైళ్ళు మూతపడతాయి. ఆ ఆరింటినీ పక్కపక్కన పెట్టి చూసే కన్ను ఉండదు. కరోనర్ లేని లోటు స్పష్టంగా తెలిసేది ఇక్కడే.

అందువల్ల ఇంగ్లండు పదవిని యథాతథంగా తెచ్చి ఇక్కడ నాటాలని కాదు. కొత్త కోర్టు, కొత్త భవనం, కొత్త సిబ్బంది అంటే అది దశాబ్దాల పని. అంతలో అది మరో వాయిదాల గదిగా మారవచ్చు. ఉన్న చట్టంలోనే ఒక సందు ఉంది. ప్రతి పంచనామా 24 గంటల్లో ఆర్డీవో చేతికి వస్తుంది. ఆ అధికారి రెవెన్యూ డివిజనుకు పెద్ద. నీటిపారుదల, విద్యుత్తు, వ్యవసాయం, రోడ్లు భవనాల శాఖల అధికారులను సమావేశానికి పిలిచే హోదా ఆయనకు ఉంది. నేరం ఉందా అని చూసి పక్కన పెట్టే ఆ కాగితాన్నే, 'ఇది మళ్ళీ జరగకుండా ఎవరు ఏం చేయాలి' అన్న ఒక గడి చేర్చి చదివితే, కరోనర్ నివేదికలో సారమైన భాగం మన చేతికి వస్తుంది. మునిగిన చోటు, తాగిన మందు పేరు, తీగ ఎవరిది, పాము కరిచిన ఇంట్లో మంచం ఉందా లేదా అన్నవి పంచనామా రాసేవారికి ఆ పూటే తెలిసే విషయాలు. సంబంధిత శాఖ జవాబివ్వడానికి 56 రోజుల్లాంటి గడువు ఒకటి కలెక్టరు ఉత్తర్వుతో పెట్టవచ్చు. దానికి శాసనసభ అక్కరలేదు.

ఈ పని మొదలుపెట్టడానికి గడిచిన ఏడాది ఫైళ్ళు చాలు. డివిజన్ కార్యాలయం బీరువాలో ఉన్న ఆ కట్టను విప్పి, కాలువల్లో జరిగిన మరణాలను మాత్రం వేరు చేసి, బందరు కాలువ పటం మీద ఒక్కో మరణానికి ఒక్కో చుక్క పెడితే సరిపోతుంది. చుక్కలు ఏ రేవు దగ్గర గుమిగూడాయో అక్కడ మెట్లు విరిగాయా, గొలుసు తెగిందా, గట్టు మీద దీపం వెలగడం లేదా అని చూసి రావడానికి ఒక జూనియర్ ఇంజినీరుకు ఒక మధ్యాహ్నం పడుతుంది.